అమెరికా ఇంజనీరింగు విద్యాలయములు: మన పిల్లల ప్రవేశావకాశములు

విజయవాడ నుండి మైలవరము పోవు దారిలోనున్న జి. కొండూరు మొదలుకొని తూర్పున నూజివీడు వరకు గల సీమ మామిడి తోటలకు పేరుపొందినది. ఈ సీమలోని రైతునకు తోటను చూచి పంటను అంచనా వేయుట తాతతండ్రుల నుండి వచ్చిన విద్య. తోటను పూత మీద గుత్తకిచ్చునప్పుడు కొనువాడును అమ్మువాడును చెట్టు చెట్టుకు తిరిగి చూతురు. పూత ఎంత విరివిగా నున్నను దానినంతను కాయగా లెక్కింపరు. తేనెమంచు పురుగు తగులునేమో, ఈదురుగాలి వీచునేమో అని తరుగు తీసి, మిగిలినదానికే ధర కట్టుదురు.

ఇంత జాగరూకత గల కుటుంబములే పిల్లల చదువు విషయమున ఒక్కొక్కప్పుడు పూతనంతను పంటగా లెక్కించుచున్నవి. ఇంటర్మీడియెట్ పరీక్షలో వెయ్యికి తొమ్మిదివందల డెబ్బది మార్కులు వచ్చినవనగానే, "మా అమ్మాయికి ఎం.ఐ.టి.లో సీటు వస్తుందా?" అని అడుగు తండ్రులు కలరు. పట్నములోని ఏజెంటు "తప్పక వస్తుంది" అనును. ఇరుగుపొరుగువారు "మన ఊరివాళ్లకు ఎక్కడ వస్తుంది లెండి" అందురు. ఈ రెండును అంచనాలు కావు. మొదటిది వ్యాపారము, రెండవది నిరుత్సాహము. ఒక దానిని నమ్మి తోటను తాకట్టు పెట్టినవారును ఉన్నారు. రెండవదానిని నమ్మి శక్తి గల బిడ్డను దరఖాస్తు అయినను చేయనీయనివారును ఉన్నారు. ఈ రెండు నష్టములును తప్పవలెనన్నచో, అమెరికాలోని గొప్ప ఇంజనీరింగు విద్యాలయములలో మన విద్యార్థికి గల అవకాశమును ఎట్లు తూచవలెనో తెలిసికొనవలెను. ఈ ప్రసంగమున మేము చెప్పదలచినది అదియే.

మొదట గుర్తింపవలసినది, అమెరికా విద్యకు ద్వారము ఒకటి కాదు, రెండు. ఇంటర్మీడియెట్ ముగిసిన వెంటనే నాలుగేండ్ల పట్టమునకై ప్రవేశించునది మొదటి ద్వారము. ఇచ్చటనే బి.టెక్. ముగించి, ఎం.ఎస్. పట్టమునకో పి.హెచ్‌.డి. పరిశోధనకో పోవునది రెండవ ద్వారము. 2023-24 విద్యాసంవత్సరమున అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులుండిరి. ఆ సంవత్సరముననే మన దేశము చైనాను మించి, అమెరికాకు అత్యధికముగా విద్యార్థులను పంపిన దేశమైనది. వారిలో లక్షా తొంబదియారు వేలకు పైగా రెండవ ద్వారమున పోయినవారే. రెండు ద్వారముల కడను తూచు తూనికరాళ్లు వేరువేరు. ఒకదాని లెక్క మరియొకదానికి కట్టుటచేతనే మన అంచనాలలో సగము తప్పుచున్నవి.

మొదటి ద్వారమును చూతము. కేంబ్రిడ్జి నగరములోని మాసచూసెట్స్ సాంకేతిక విద్యాలయమునకు, అనగా ఎం.ఐ.టి.కి, 2024లో చేరుటకై 28 వేల మందికి పైగా దరఖాస్తు చేసికొనిరి. ప్రవేశము దొరికినది దాదాపు 1,300 మందికి. అనగా నూటికి అయిదుగురికంటెను తక్కువ. విదేశీయులను మాత్రమే వేరుగా లెక్కించినచో నూటికి ఇద్దరికి అటునిటుగా నుండును. స్టాన్‌ఫర్డ్, కాల్టెక్ మొదలైనవియు ఇట్టివే.

ఈ నిష్పత్తిని విని భయపడుటయు తగదు, దీనిని మన బిడ్డ అవకాశముగా భావించుటయు తగదు. నూటికి ఇద్దరనుట గుంపుకు సంబంధించిన లెక్క. ఆ గుంపులో అంతర్జాతీయ ఒలింపియాడ్ పోటీలలో పతకములు గెలిచినవారును కలరు. ఊరక అదృష్టమును పరీక్షించుకొనువారును కలరు. మొదటివారి అవకాశము రెండుకంటె ఎంతయో ఎక్కువ. రెండవవారిది ఇంచుమించు సున్న. కావున అడుగవలసిన ప్రశ్న "నూటికి ఎందరు?" అని కాదు, "ఆ గుంపులో మన బిడ్డ ఏ భాగమున నిలుచును?" అని.

ఇచ్చట ఇంకొక లెక్క చెప్పవలసియున్నది. "ఒక చోట నూటికి అయిదు పాళ్లు అవకాశముంటే, పదిచోట్ల వేస్తే ఎక్కడో ఒకచోట వస్తుంది" అని పలువురు తలంతురు. పది విద్యాలయముల నిర్ణయములును ఒకదానితో ఒకటి సంబంధము లేనివైనచో, ఎక్కడో ఒకచోట ప్రవేశము దొరకు అవకాశము నూటికి నలుబదివరకు వచ్చును. కాని అవి సంబంధము లేనివి కావు. పది చోట్లను చదువునది ఒకే విద్యార్థి దరఖాస్తును. ఆంగ్లరచన బలహీనమైనచో పదిచోట్లను బలహీనమే. ఉపాధ్యాయుని లేఖ పసలేనిదైనచో పదిచోట్లను పసలేనిదే. గాలివాన వచ్చినప్పుడు ఒక చెట్టు కాయ మాత్రమే రాలదు, తోటయంతటను రాలును. కావున దరఖాస్తుల సంఖ్యను పెంచుటకంటె దరఖాస్తులోని లోపమును సవరించుట మేలు.

ఇక మార్కులు. ఎం.ఐ.టి. 2022లో శాట్ పరీక్షను మరల తప్పనిసరి చేసినది. ప్రవేశము పొందినవారిలో నడిమి సగముమందికి గణితమున 800కు 780 మొదలు 800 వరకు వచ్చినవి. దీనివలన తెలియునదేమి? గణితమున 800 వచ్చినను అది గొప్ప గుర్తు కాదు; అది గడప దాటుటకు చాలిన ఎత్తు మాత్రమే. మన పిల్లలకు గణిత భాగము సామాన్యముగా అడ్డుకాదు. ఆంగ్లమున చదివి గ్రహించి వ్రాయు భాగమే వారిని వెనుకకు లాగును. గ్రామమున చదివిన పిల్లకు ఆ కొరత తీరుటకు రెండు మూడు సంవత్సరముల పఠనము కావలెను. రెండు నెలల శిక్షణ చాలదు. అందుచేత ఈ ద్వారమును గూర్చిన ఆలోచన తొమ్మిదవ తరగతిలోనే మొదలు కావలెను. బర్కిలీ మొదలైన కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాఖలు శాట్ మార్కులను అసలే చూడవు. కావున ప్రతి విద్యాలయ నియమమును విడిగా చదువుకొనవలెను.

మార్కులు ఇంచుమించు అందరికి సమానమైనప్పుడు ఎంపిక దేనిని బట్టి జరుగును? దరఖాస్తును చదువు అధికారి మొదట, ఈ విద్యార్థికి ఊరిలోను బడిలోను ఏయే వసతులుండెను, వానితో ఇతడేమి చేసెను అని చూచును. ఇది మనకు కొత్త న్యాయము కాదు. నూజివీడులో 2008లో నెలకొన్న రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయ ప్రాంగణమును ఈ సీమలోనివారందరు ఎరుగుదురు. పదవ తరగతి మార్కులను బట్టి గ్రామీణ విద్యార్థులను చేర్చుకొనుచు, ప్రభుత్వ పాఠశాలలలో చదివినవారికి కొంత అదనపు బలము చేర్చుట దాని పద్ధతి. వసతులు లేనిచోట వచ్చిన తొంబది మార్కులు వసతులున్నచోట వచ్చిన తొంబదికంటె బరువైనవని దాని భావము. అమెరికా విద్యాలయములు ఈ భావమునే అంకెలతో కాక, చదివి తీర్మానించు పద్ధతిలో అమలు జరుపును.

ఐతే గ్రామమున పుట్టుటయే యోగ్యత కాదు. గ్రామమున ఉన్నదానితో ఏదైన చేసి చూపుట యోగ్యత. జి. కొండూరు మండలములోనే వెలగలేరు రెగ్యులేటరు కలదు. బుడమేరు వరదను కృష్ణానదికి మళ్లించు కాలువ అచ్చటనే ఆరంభమగును. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి, ఆ కాలువకు కవులూరు వైపున గండ్లు పడి, విజయవాడలో పెద్ద భాగము నీట మునిగినది. సైనికులును నీటిపారుదల ఇంజనీరులును కలిసి ఆ గండ్లను పూడ్చవలసివచ్చినది. ఈ మండలపు విద్యార్థికి ఇంతకంటె గొప్ప ఇంజనీరింగు పాఠము ఏ నగరమున దొరకును? రెండు వానకాలములు ఒక వంతెన కడ నీటిమట్టమును ప్రతిదినము కొలిచి, వర్షపాతముతో పోల్చి, గీతపటము గీచిన పిల్ల, ఖరీదైన వేసవి శిబిరమునకు పోయి యోగ్యతాపత్రము తెచ్చుకొన్న నగర బాలునికంటె అధికారి కంటికి ముందుగా ఆనును.

మామిడి తోటలోను ఇట్టి ప్రశ్నలు అనేకములు. కాల్షియం కార్బైడుతో కాయలను మగ్గబెట్టుట మన దేశమున నిషిద్ధము. ఇథిలీను వాయువును పరిమితముగా వాడుటకు అనుమతి కలదు. చిన్న రైతు తన కొట్టములోనే భద్రముగా వాడుకొనదగిన మాగుడు పెట్టెను తక్కువ ఖర్చుతో చేయుట ఎట్లు? పండుఈగను పట్టు బుట్టలను తోటలో ఎంతెంత దూరమున కట్టిన మేలు? చేసి చూచి, తప్పి, తిరిగి చేసి, ఆ క్రమమునంతను నోటు పుస్తకమున వ్రాసికొన్న విద్యార్థికి చెప్పుటకు ఒక కథ ఉండును. ఎం.ఐ.టి. ఇట్టి చేతిపనిని చూపుటకు వేరుగా వీలు కల్పించుచున్నది. ఆ కథ విద్యార్థిదే కావలెను. తండ్రి కొనియిచ్చినదియు, శిక్షణకేంద్రమువారు చేసియిచ్చినదియు వ్యాసములోని రెండవ వాక్యమునకే బయటపడును.

ఉపాధ్యాయుల లేఖలు మరియొక ముఖ్యాంశము. ఎం.ఐ.టి. రెండు లేఖలను కోరును. ఒకటి గణిత విజ్ఞానశాస్త్రములలో ఒకదానిని బోధించినవారిది. రెండవది భాషనో సాంఘిక శాస్త్రములనో బోధించినవారిది. అనగా మన తెలుగు మాస్టారు గారి లేఖయు పనికివచ్చును. కాని "ఈ విద్యార్థిని మిక్కిలి తెలివైనది, క్రమశిక్షణ గలది" అను మాటలు ప్రతి లేఖలోను ఉండునవే; వానికి విలువ లేదు. "ఒకనాడు నేను నల్లబల్లపై చేసిన లెక్కలో తప్పును ఈమె మర్యాదగా ఎత్తిచూపినది, మరునాడు వేరొక పద్ధతిలో చేసి తెచ్చినది" అని వ్రాసినచో ఆ ఒక్క వాక్యము పది పొగడ్తలకు సాటియగును. అట్లు వ్రాయవలెనన్నచో ఉపాధ్యాయునికి విద్యార్థి తెలిసియుండవలెను. వేకువ నుండి రాత్రివరకు పరీక్షల మీద పరీక్షలు వ్రాయించు కళాశాలలలో ఒక అధ్యాపకుని యెదుట వందలమంది పిల్లలుందురు. అట్టిచోట చదువు విద్యార్థి అవకాశమును తూచునపుడు ఈ కొరతను తరుగుగా తీయవలసినదే.

ఇక ధనము. ఎం.ఐ.టి.లో ఒక సంవత్సరపు ఖర్చు, భోజన వసతులతో కూడ, 85,000 డాలర్లు దాటినది. మన రూపాయలలో డెబ్బది లక్షలకు పైమాట. దీనిని విని చాలమంది దరఖాస్తును మూల పెట్టుదురు. కాని ఎం.ఐ.టి., హార్వర్డు, ప్రిన్స్‌టన్, యేల్ మొదలైన కొన్ని విద్యాలయములు ప్రవేశ నిర్ణయము చేయునపుడు విదేశీ విద్యార్థి ఆర్థికస్థితిని చూడవు. చేర్చుకొన్న పిదప ఆ కుటుంబమునకు శక్తి చాలనంత సొమ్మును తామే భరించును. స్టాన్‌ఫర్డ్, కాల్టెక్ వంటివి సహాయము చేయునుగాని, సహాయము కోరిన విదేశీయుని విషయమున ఆ కోరికను కూడ నిర్ణయములో లెక్కించును. బర్కిలీ వంటి ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో విదేశీయునికి కుటుంబ అవసరమును బట్టి ఇచ్చు సహాయము లేదు. కావున నాలుగెకరముల మామిడి తోట గల కుటుంబమునకు, ప్రవేశము అతి కష్టమైన చోటనే ఖర్చు అతి తక్కువ. ప్రవేశము కొంత సులభమైన చోట ఖర్చు భరింపరానిది. మొదటి ద్వారమును గూర్చి ఈ సీమవారు ముఖ్యముగా గ్రహింపవలసిన విశేషమిదియే.

ఒక విద్యార్థినిని ఊహించి తూచి చూతము. ఆమెకు ఇంటర్మీడియెట్‌లో 970 మార్కులు. శాట్ గణితమున 780, ఆంగ్లమున 640. రెండు వానకాలములు వాగు నీటిని కొలిచిన పుస్తకము కలదు. తండ్రికి నాలుగెకరముల తోట. ఈమె గణితము చాలును. చేసిన పని గుంపులో ఈమెను పైకి తెచ్చును. ఆంగ్లపు 640 క్రిందికి దించును. తండ్రి ఆదాయము ప్రభుత్వ విశ్వవిద్యాలయములను ఈమెకు మూసివేయును. మా తీర్పు ఇది: పూర్తి సహాయము చేయు విద్యాలయములకు రెండు మూడింటికి దరఖాస్తు చేయవచ్చును; దరఖాస్తు రుసుము కూడ భారమైనచో మాఫీ కోరవచ్చును; కాని ఆశను పదింట ఒక పాలుకంటె తక్కువగా నుంచుకొనవలెను. అదే సంవత్సరమున జె.ఇ.ఇ., మన రాష్ట్ర ప్రవేశ పరీక్షలను పూర్ణమైన శ్రద్ధతో వ్రాయవలెను. ఈ తీర్పులో చిన్నతనము లేదు. ఎందుకనగా ఈమెకు రెండవ ద్వారము తెరచియే యున్నది.

రెండవ ద్వారమున తూనిక వేరు. ఇచ్చట నిర్ణయించునది ఆయా శాఖల ఆచార్యులు. వారికి కావలసినది ఊరి కథ కాదు, పని చేయగల మనిషి. బి.టెక్. నాలుగేండ్ల మార్కుల వరుస, ముఖ్యముగా గణితమునను, తన శాఖలోని కఠిన విషయములలోను వచ్చిన మార్కులు, తన తరగతిలో ఎన్నవ స్థానము, చేసిన పరిశోధన, దానిని కన్నులార చూచినవారి మూడు లేఖలు, స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ అను ఉద్దేశపత్రము. వీనిని చూతురు. ఒకప్పుడు కొండంత యనిపించిన జి.ఆర్.ఇ. పరీక్షను 2020 తరువాత అనేక శాఖలు ఐచ్ఛికము చేసినవి, కొన్ని పూర్తిగా తీసివేసినవి. కావున జి.ఆర్.ఇ. మార్కు ఒక్కదానిని చెప్పి "ఏ విశ్వవిద్యాలయము వచ్చును?" అని అడుగుట ఇప్పుడు అర్థము లేని ప్రశ్న.

ఈ ద్వారములోనే మరల రెండు దారులు. ఎం.ఎస్. విద్యార్థి సామాన్యముగా తన ఖర్చు తాను పెట్టుకొనవలెను. రెండేండ్లకు నలుబది లక్షల రూపాయలు దాటుట సాధారణము. పి.హెచ్‌.డి. విద్యార్థికి మంచి ఇంజనీరింగు శాఖలలో బోధనలోనో పరిశోధనలోనో సహాయకునిగా పని ఇచ్చి, రుసుము మాఫీ చేసి, జీవనభృతి నిత్తురు. అందుచేత ఎం.ఎస్. సీటు దొరకుట సులభము, పి.హెచ్‌.డి. సీటు దొరకుట కష్టము. 2025లో పరిశోధన నిధులకు కోత పడుటతో కొన్ని శాఖలు పి.హెచ్‌.డి. ప్రవేశములను తగ్గించినవి కూడ. ఐనను ధనము లేక శక్తి గల విద్యార్థికి ఇంటి ఆస్తి చెడకుండ అమెరికా చేర్చు దారి ప్రధానముగా ఇదియే.

దానికి కావలసినది బి.టెక్. మూడవ సంవత్సరమునకు ముందే ఒక అధ్యాపకుని ప్రయోగశాలలో నిజమైన పని. మైలవరములోని కళాశాలలో చదివినను, నూజివీడులో చదివినను, ఐ.ఐ.టి.లో చదివినను ఈ నియమము ఒక్కటే. ఐ.ఐ.టి. పేరు మొదటి చూపున సహాయపడునుగాని, మూడు లేఖలలో ఒకటైనను "ఈ పని ఇతడే చేసెను, నేను చూచితిని" అని పలుకకున్నచో ఆ పేరు నిలువబెట్టలేదు. కడపటి సంవత్సరమున నగరములలో అమ్ముడుపోవు ప్రాజెక్టును కొని తెచ్చుకొన్నవాడు పట్టము పొందునేమోగాని, తన చేతితోనే ఈ ద్వారమును మూసికొన్నవాడగును.

పెద్దల జీవితములను చూచినచో దారులెన్ని విధములో తెలియును. ఆచార్య రాజ్ రెడ్డి గారు 1937లో చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున జన్మించిరి. గిండీ ఇంజనీరింగు కళాశాలలో 1958లో పట్టము పొందిరి. తిన్నగా అమెరికా పోలేదు. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్సు విశ్వవిద్యాలయమున చదివి, అచ్చట ఉద్యోగము చేసి, తరువాత స్టాన్‌ఫర్డు చేరి 1966లో డాక్టరేటు పొందిరి. 1994లో గణనశాస్త్రమున అత్యున్నతమైన ట్యూరింగు పురస్కారము వారికి లభించినది. నూజివీడు ప్రాంగణము గల విశ్వవిద్యాలయమునకు తొలి పాలకమండలి అధ్యక్షులు కూడ వారే. హైదరాబాదులో జన్మించిన సత్య నాదెళ్ల గారు ఎం.ఎస్. చదివినది మిల్వాకీలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున. వారు 2014లో మైక్రోసాఫ్టు సంస్థకు ముఖ్య కార్యనిర్వహణాధికారి యైరి. ఉస్మానియాలో చదివిన శంతను నారాయణ్ గారు ఎం.ఎస్. చదివినది ఒహాయో రాష్ట్రములోని బౌలింగ్ గ్రీన్ విశ్వవిద్యాలయమున. వారు 2007లో అడోబి సంస్థకు అట్టి పదవిని పొందిరి. ఈ రెండు విద్యాలయములును మన ఏజెంట్ల పట్టికలలో మొదటి పంక్తిలో నుండునవి కావు.

ముగ్గురి పేర్లు చెప్పి ఏ విద్యాలయమైనను ఒక్కటే యనుట మా ఉద్దేశము కాదు. అదే దారిన పోయి పేరు లేక మిగిలినవారు వేలకొలది. మేము చెప్పునదేమనగా, గొప్ప విద్యాలయమున చోటు దొరకకున్నచో బిడ్డ బ్రతుకు ముగిసినదని తలంచుటకు ఆధారము లేదు. ఈ సంగతి పదునేడేండ్ల పిల్లకు నిరాకరణ పత్రము వచ్చిననాడు కాక, దరఖాస్తు చేయునాడే ఇంటిలో చెప్పవలెను.

ఇక ఏజెంట్ల సంగతి. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయము మూతపడినది. అందు చేరినవారిలో మన తెలుగు పిల్లలే ఎక్కువ. కొందరి కాళ్లకు జాడ తెలుపు పరికరములు కూడ తొడిగిరి. దానిని నడపిన స్త్రీకి 2014లో పదునారేండ్లకు పైగా శిక్ష పడినది. 2019 జనవరిలో మిచిగన్ రాష్ట్రమున ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయమను పేర అమెరికా అధికారులే పన్నిన వలలో చిక్కినవారిలోను తెలుగు యువకులు పెక్కుమంది. సీటు అతి సులభముగా దొరకుచున్నదన్నచో, అది అవకాశము కాదు, హెచ్చరిక. ఇంజనీరింగు పట్టమునకు ఎ.బి.ఇ.టి. గుర్తింపు కలదా, విదేశీ విద్యార్థులను చేర్చుకొనుటకు అమెరికా ప్రభుత్వ అనుమతి పట్టికలో ఆ పేరున్నదా అని ఎవరికి వారు చూచుకొనవచ్చును. 1950లో భారత అమెరికా ప్రభుత్వముల ఒప్పందముపై ఏర్పడిన విద్యాసంస్థ, నేటి యు.ఎస్.ఐ.ఇ.ఎఫ్., ఏ విద్యాలయము నుండియు కమీషను పుచ్చుకొనక సలహా నిచ్చును. ఏ విద్యాలయము నుండి కమీషను వచ్చునో ఆ విద్యాలయమునే మెచ్చు సలహాకును దీనికిని భేదము కలదు.

సీటు దొరకినను వీసా వేరొక గడప. చదువు ముగియగానే తిరిగి వచ్చునని అధికారికి నమ్మకము కలిగింపవలసిన భారము విద్యార్థిదే. 2025 మే నెల చివరను కొన్ని వారములపాటు విద్యార్థుల వీసాలకు కొత్త ఇంటర్వ్యూల నియామకమునే నిలిపివేసిరి. చదువు పిదప ఒక సంవత్సరమును, ఇంజనీరింగు వంటి విషయములలో మరి రెండు సంవత్సరములును పని చేయుటకు 2016 నాటి నియమము వీలు కల్పించినది. ఆపైన కావలసిన హెచ్-1బి అనుమతి లాటరీ వంటిది. 2025 సెప్టెంబరులో దేశము వెలుపల నుండి వచ్చు కొత్త దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించిరి. ఈ నియమములు ప్రభుత్వములతో మారుచుండును. కావున అమెరికా ఉద్యోగము తప్పక దొరకుననియు, ఆ జీతముతోనే అప్పు తీరుననియు తలంచి తోటను తాకట్టు పెట్టరాదు. ఇండియాకు తిరిగి వచ్చి సంపాదించు జీతముతో తీర్చగలిగినంత అప్పే భద్రమైన అప్పు.

ఇప్పుడు పట్టిక వేసికొను విధము. ఒక కాగితముపై మూడు వరుసలు గీయుడు. మొదటి వరుసలో, చేరుట చాల కష్టమైనను చేరినచో మేలైన విద్యాలయములు రెండు మూడు. రెండవ వరుసలో, గత సంవత్సరములలో మన బిడ్డ వంటి విద్యార్థులు చేరిన విద్యాలయములు నాలుగైదు. మూడవ వరుసలో, తప్పక దొరకునవి రెండు. అందొకటి మన దేశములోనిదే కావలెను. తరువాత ప్రతి పేరు ప్రక్కను మూడు ప్రశ్నలకు జవాబు వ్రాయుడు. ఖర్చెంత, సహాయమెంత? మన దరఖాస్తులో వారికి కనిపించు బలమేది, లోపమేది? సీటు రాకున్నచో మరునాడు బిడ్డ ఏమి చేయును? ఈ మూడవ ప్రశ్నకు జవాబు లేని పేరును పట్టిక నుండి కొట్టివేయుడు. జవాబులన్నియు బిడ్డ యెదుటనే, బిడ్డ చేతనే వ్రాయింపుడు. తన అవకాశమును తానే నిజాయితీగా తూచుకొనుట నేర్చిన పిల్ల ఇంజనీరు పనిలో మొదటి పాఠమును ఇంటనే నేర్చినదగును. ఏ వంతెన ఎంత బరువు మోయునో, ఏ గట్టు ఎంత నీటికి ఆగునో చెప్పుటయే గదా ఆ వృత్తి.

తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటియే. బిడ్డ శక్తిని గూర్చి నిజము చెప్పుడు. మీ ఆర్థికస్థితిని గూర్చి కూడ నిజము చెప్పుడు. సీటు వచ్చినచో సంతోషింపుడు. రాకున్నచో, దరఖాస్తుకై చదివిన ఆంగ్లమును, కొలిచిన నీటిలెక్కయు, చేసిన పెట్టెయు ఎవ్వరును తీసికొని పోలేరు. అవి నాలుగేండ్ల పిమ్మట రెండవ ద్వారము కడ మరల పనికివచ్చును.